ఖాళీ గోలు ముందు ఆగిన బంతి

భద్రాచలం దాకా వెళ్లి రాముణ్ణి చూడకుండా తిరిగొచ్చిన మనిషి ఖమ్మం జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆవిడ ప్రసాదానికి చెయ్యి చాపింది. నా సంచిలో ఉన్నవి నాలుగు తునికి పళ్లు, బురద పట్టిన ప్యాంటు. బస్సులోంచి గోపురానికి దణ్ణం పెట్టుకున్నానని చెబితే, ఆవిడ నమ్మింది గానీ ఒప్పుకోలేదు. మా బజార్లో ఇప్పటికీ ఈ మాట ఎత్తి నన్ను ఏడిపిస్తుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నాకు ఖమ్మంలో ఒక బట్టల కొట్టు, ఖానాపురం హవేలిలో ఒక చిన్న ఇల్లు, వీటిని మించి ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నాయి. ఆ పిచ్చిలో నాకు భాగస్వామి యూసుఫ్ భాయ్. మా కొట్టు ఎదురుగా సైకిళ్లు బాగుచేస్తాడు. 1990 జూన్‌లో ఇటలీలో ప్రపంచ కప్పు మొదలైంది. మొదటి ఆటలోనే కామెరూన్ జట్టు, అంతకుముందు కప్పు గెలిచిన అర్జెంటీనాను మట్టి కరిపించింది. ఇద్దర్ని రిఫరీ బయటికి పంపేసినా మిగిలిన తొమ్మిదిమందీ చివరిదాకా నిలబడ్డారు. తెల్లవారేసరికి నా గొంతు పోయింది. ఆ ఊపులోనే మేమిద్దరం బయలుదేరాం, ఎందుకంటే మా ప్రాంతం లీగు ఫైనల్ ఆ ఆదివారమే.

ఫైనల్లో ఒకవైపు బొగ్గుబాయి జట్టు, అంటే ఈ లీగుకు కప్పు ఇచ్చే కొత్తగూడెం గని కంపెనీ జట్టు. మరోవైపు చర్ల దారిలో అడవి అంచున ఉన్న ఒక క్రైస్తవ మిషన్ ఊరి కోయ కుర్రాళ్ల జట్టు. ఈ లీగులో ఫైనల్‌ని ఒక్కో ఏడు ఒక్కో జట్టు ఊళ్లో ఆడతారు, ఈసారి వంతు మిషన్ ఊరిది. మా ఖమ్మం జట్టు మొదట్లోనే ఓడి ఇంటికొచ్చేసింది. దాని సంగతి అడగకండి.

జూలూరుపాడు దాటేదాకా

కొత్తగూడెం బస్సులో కిటికీ పక్క సీటు నాది, మాట్లాడే హక్కు యూసుఫ్ భాయ్‌ది. ఇది మా మధ్య పాత ఒప్పందం. బస్సు ఊరు దాటకముందే ఆయన మన దేశం జట్టు మీద పడ్డాడు. ఒకప్పుడు నేషనల్ టీమంటే అందులో హైదరాబాదువాళ్లు బలగంగా ఉండేవారని, ఉత్త కాళ్లతో ఆడి బూట్లవాళ్లను పరుగెత్తించారని, ఇప్పుడు మాత్రం ఎవడి కప్పునో టీవీలో చూసుకుంటూ చప్పట్లు కొడుతున్నామని ఆయన బాధ. వెనక సీట్లో విత్తనాల బస్తా పట్టుకుని కూర్చున్న రైతు, క్రికెట్లో కప్పు తెచ్చారుగా, అది చాలదా అన్నాడు. అంతే, బస్సు రెండు పార్టీలైపోయింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి క్రికెట్ పక్షంలో చేరాడు. ఇంతమంది జనం ఉన్న దేశంలో సరైన పదకొండుమంది దొరకరా అని నేను లేచాను. దొరుకుతారు, వాళ్లకు తిండి పెట్టేవాడే దొరకడు అన్నాడు యూసుఫ్ భాయ్. ఆటగాడికి నౌకరీ ఇచ్చే కంపెనీ ఉంటేనే జట్టు ఉంటుందని ఆయన సిద్ధాంతం.

ఏన్కూరులో ఎక్కిన ఒకాయన ఇదంతా వింటూ చాలాసేపు నవ్వుకున్నాడు. బొగ్గుబాయిలో పనిచేస్తాడట. నేను కామెరూన్ గొప్పదనం వర్ణిస్తుంటే ఆపి, "తొమ్మిదిమంది తోటి పదకొండు మంది పని జేపిచ్చుడు మా బాయిల రోజు అయ్యేదే. దానికి టీవీల జూపెట్టుడెందుకు?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది.

మా ఊపు మీద నీళ్లు చల్లింది కూడా ఆయనే. ఫైనల్ జరిగేది అనుమానమేనట. బాయి జట్టు గోల్‌కీపరు ప్రకాశం సెమీఫైనల్లో గోలు ఆపబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆట కూడా ఆ మిషన్ ఊళ్లోనే. ప్రకాశం బాయిలో బదిలీ కార్మికుడు. పర్మినెంటు మనిషి రాని రోజున అతని బదులు లోపలికి దిగేవాణ్ణి బదిలీ అంటారు. ఆట బాగా ఆడతాడనే వాణ్ణి పనిలోకి తీసుకున్నారు, కంపెనీ బనీను వేసి ఆడించారు. కాలు విరిగాక మాత్రం, ఆట డ్యూటీ కాదు గనక కంపెనీ దవాఖానాలో వైద్యం కుదరదన్నారు. బదిలీవాడు కొంతకాలం పనికి రాకపోతే పేరు కొట్టేస్తారు. దాంతో జట్టు మొత్తం ఎదురు తిరిగింది.

జూలూరుపాడు దాటేదాకా, ఆట ఉంటుందా ఉండదా అని ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. మాట్లాడే హక్కు లాక్కున్నందుకు యూసుఫ్ భాయ్‌కి కిటికీ సీటు ఇచ్చేశాను.

కొత్తగూడెంలో చేపల వాసన

కొత్తగూడెంలో మా మకాం యూసుఫ్ భాయ్ మేనమామ క్వార్టరు. మృగశిర, ఈ వైపు మాటలో మిరుగు కార్తె, వచ్చి ఒక్క రోజే అయింది. ఆ వాడంతా చేపల పులుసు వాసన. మిరుగు వచ్చిందంటే ఈ వైపు ఏ కులంవాళ్లయినా, ఏ మతంవాళ్లయినా చేప ముక్క నోట్లో వేసుకోవాల్సిందే. లేకపోతే వానాకాలం జబ్బు చేస్తుందంటారు. మా తాతలు కృష్ణా అవతలి నుంచి నేలకొండపల్లి వైపు వలస వచ్చినవాళ్లు. మా ఇంట్లో చేపలకు కార్తెతో పనిలేదు, దొరికిన రోజే పండగ. మామ ఇంట్లో కొరమీను పులుసు చింతపండు ఘాటుతో కళ్లనీళ్లు తెప్పించింది. మూడోసారి వడ్డించుకున్నాక, ఇన్నేళ్లు మా వాళ్లు ఎంత నష్టపోయారో తెలిసింది.

సాయంత్రం క్వార్టర్ల ముందు మంచాలు పడ్డాయి. మళ్లీ అదే వాదన. ఆటగాడు కూలోడా, కాదా? కొందరు, ఆట సరదా, సరదాకి సమ్మె ఏమిటన్నారు. కొందరు, కంపెనీ పేరు వీపు మీద వేసుకుని పరుగెత్తితే అది పని కాక మరేమిటన్నారు. నేను సగర్వంగా మధ్యలో దూరి, ముందు ఆట ఆడి తర్వాత కొట్లాడుకోవచ్చు కదా అన్నాను. అందరూ నన్ను పెళ్లికొచ్చి కూర బాగాలేదన్నవాణ్ణి చూసినట్టు చూశారు.

మామ బాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన మెల్లగా బాయి పద్ధతి ఒకటి చెప్పాడు. వాళ్లకు పని ఆపాలనిపిస్తే ఇంట్లో పడుకోరు. టైముకు వస్తారు, హాజరు వేయించుకుంటారు, దీపం పెట్టుకుని బాయి మూతి దాకా నడుస్తారు, అక్కడ కూర్చుంటారు. "రాకుంటె గైర్హాజరు బిడ్డా. వచ్చి కూసుంటె సమ్మె," అన్నాడు. రేపు మన పోరగాళ్లు కూడా గట్లనే చేస్తరేమో చూడమన్నాడు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చోగానే కరెంటు పోయింది. వాడంతా కలిసి కరెంటు ఆఫీసును తిట్టాక నిద్రపోయాం.

వంతెన మీద, వాగులో

ఆదివారం పొద్దున భద్రాచలం బస్సులో మా ముందు సీట్లో ముప్ఫై ఏళ్ల ఆవిడ కూర్చుంది. ఒళ్లో స్టీలు క్యారియరు. పాల్వంచ దాటి అడవి మొదలయ్యేసరికి యూసుఫ్ భాయ్ అలవాటు ప్రకారం అందరికీ వినపడేలా ఫైనల్ గురించి మొదలుపెట్టాడు. ఆవిడ వెనక్కి తిరిగి, మీరూ మిషన్ ఊరికేనా అని అడిగింది. పేరు సువార్తమ్మ. ప్రకాశం భార్య. కంపెనీ కాదన్నాక ప్రకాశాన్ని ఆ ఊరి మిషన్ దవాఖానాలోనే ఉంచారు. వీలు దొరికినప్పుడల్లా ఈవిడ వెళ్లి వస్తోంది. క్యారియరులో మిరుగు చేప.

"మీరు ఆట జూడనీకి వోతున్నరు. నేను ఆట గావొద్దని పోతున్న," అంది.

నాకు నోరు ఊరుకోదు. అంతదూరం నుంచి జనం వస్తారని, ఆట ఆగితే అందరికీ నిరాశేనని, దానికంటే కంపెనీ పెద్ద ఆఫీసరు కప్పు ఇవ్వడానికి వచ్చినప్పుడు వినయంగా అర్జీ ఇచ్చుకుంటే మంచిదని ఏదేదో చెప్పాను. సువార్తమ్మ చివరిదాకా విన్నది.

"ఆయన కాలు ఇరిగినప్పుడు గూడ జనం మస్తు చప్పట్లు గొట్టిండ్రట అన్నా. గోల్ ఆపిండని," అంది.

ఆ తర్వాత సారపాక వచ్చేదాకా నేను అడవి చూశాను. నిజానికి ఆ అడవి చూడదగ్గదే. రాత్రి పడ్డ వానకు టేకాకులు కడిగినట్టున్నాయి.

వంతెన మీద బస్సు నెమ్మదించింది. గోదావరి ఇంకా ఎండాకాలపు నీరసంలోనే ఉంది, ఇసుక తిన్నెల మధ్య నాలుగు పాయలు. గోపురం కనిపించగానే నేను దణ్ణం పెట్టాను, సువార్తమ్మ తల మీద కొంగు సర్దుకుంది, యూసుఫ్ భాయ్ ఆ కాలు విరిగిన మనిషిని జల్దీ నిలబెట్టు స్వామీ అని నాకంటే గట్టిగా మొక్కాడు. బస్టాండులో చాయ్ మా ఊళ్లో కంటే పావలా ఎక్కువ, గ్లాసు మాత్రం సగం. చర్ల బస్సు కదులుతోందని కేక వినపడితే ఆ సగం కూడా వదిలేసి పరుగెత్తాం.

దుమ్ముగూడెం దాటాక ఒక వాగులో బస్సు చక్రాలు కూరుకుపోయాయి. అందరం దిగి నెట్టాం. పక్కన కోయవాళ్లు వాళ్ల భాషలో ఏదో పాటలా అంటూ ఒక్కసారిగా బలం పెడుతున్నారు. మాట అర్థం కాకపోయినా ఎక్కడ ఊపిరి బిగబట్టాలో రెండోసారికే నాకు తెలిసిపోయింది. సువార్తమ్మ ఒక చేత్తో క్యారియరు పైకెత్తి పట్టుకుని రెండో చేత్తో నెట్టింది. బస్సు బయటపడింది. నా తెల్ల ప్యాంటు మాత్రం అక్కడితో పోయింది. అలాంటి దారుల్లో తెల్ల బట్టలు వేసుకున్న బట్టల వ్యాపారిని చూసి జనం నవ్వడంలో తప్పులేదు.

మిషన్ గ్రౌండు

గ్రౌండు అంటే చర్చి వెనక చదును చేసిన మైదానం. గోలు స్తంభాలు చెక్కిన టేకు దుంగలు, వల లేదు. చుట్టూ గూడేల నుంచి వచ్చిన జనం. ఆకు దొన్నెల్లో తునికి పళ్లు, తాటి ముంజలు అమ్ముతున్నారు. ముంజలు మా వైపు లెక్కపెట్టి ఇస్తారు, ఇక్కడ దోసిలి నిండా పోశారు. ఖమ్మంలో ఆట మొదలుకాకముందే రిఫరీ వంశాన్ని తిట్టడం ఆచారం. ఇక్కడ జనం రిఫరీకి ముంజలు పెట్టారు. డోలు వాయించేవాళ్లు నలుగురు ఒక మూల సిద్ధంగా ఉన్నారు.

షామియానా కింద కంపెనీ పెద్ద ఆఫీసరు, పక్కన వెల్ఫేర్ ఆఫీసరు, ముందు బల్ల మీద కప్పు. గోలు వెనక మంచం మీద ప్రకాశం, తొడ దాకా సిమెంటు కట్టు. సువార్తమ్మ మంచం పట్టె మీద కూర్చుని చేప ముక్కలో ముళ్లు తీసిపెడుతోంది. మేమిద్దరం వాళ్ల పక్కనే చోటు చేసుకున్నాం.

బాయి జట్టు పూర్తి యూనిఫారంలో వచ్చింది. బూట్లు బిగించుకున్నారు, వరసగా నిలబడ్డారు, ఎదుటివాళ్లతో చేతులు కలిపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆట ఉందని యూసుఫ్ భాయ్ భుజం మీద చరిచాను. రిఫరీ విజిలేశాడు. బాయి జట్టు మొత్తం ఎక్కడివాళ్లు అక్కడే కూర్చున్నారు.

డోలు ఆగిపోయింది. రిఫరీ వెల్ఫేర్ ఆఫీసరు వైపు చూశాడు. రాని జట్టును ఓడినట్టు ప్రకటించొచ్చు, వచ్చి కూర్చున్న జట్టును ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. వెల్ఫేర్ ఆఫీసరు కుర్చీలోంచి లేచి, వాళ్లు కూర్చుంటే కూర్చోనీ, మీరు ఆడండి, గోలు కొట్టి కప్పు తీసుకోండి అని మిషన్ జట్టుకు కేకేశాడు. అప్పుడర్థమైంది నాకు ఆ ఎత్తు. కప్పు ఇచ్చేస్తే, ఫొటో తీసేస్తే, బాయి పిల్లలు ఆడలేక కూర్చున్నారని చెప్పేస్తే సరిపోతుంది. సమ్మె చేసినట్టే ఉండదు. ప్రకాశం తినడం ఆపేశాడు.

మిషన్ జట్టు కెప్టెన్ మడకం జోగయ్య. సన్నగా, పొట్టిగా, ఉత్త కాళ్లతో ఉన్నాడు. వాళ్ల జట్టు ఇంతవరకూ ఏ కప్పూ గెలవలేదట. అతను బంతి తీసుకుని బయలుదేరాడు. కూర్చున్నవాళ్ల మధ్యలోంచి మెలికలు తిప్పుతూ వెళుతుంటే జనంలో ముందు నవ్వులు, తర్వాత కేకలు. గోలు ఖాళీ. నేను నా ఒళ్లు మరిచి "కొట్టు" అని అరిచాను. సువార్తమ్మ నావైపు చూడలేదు, ఆమె చూపంతా బంతి మీదే ఉంది. జోగయ్య గీత దగ్గరికి వచ్చి బంతి మీద కాలు పెట్టి ఆపాడు. మంచం మీదున్న ప్రకాశాన్ని చూశాడు. తర్వాత బంతి చంకలో పెట్టుకుని వెనక్కి నడిచి, మైదానం మధ్యలో బాయి జట్టు పక్కనే కూర్చున్నాడు. అతని వెనక మిగతా పదిమందీ కూర్చున్నారు.

వెల్ఫేర్ ఆఫీసరు మైదానంలోకి పరుగెత్తాడు. కప్పు మీకే వస్తుంటే ఏం రోగమని అడిగాడు. జోగయ్య లేవలేదు. గ్రౌండంతా చప్పుడు లేకుండా ఉంది గనక మాకూ స్పష్టంగా వినపడింది.

"ఈ ఎండకాలం రేటు జాలదని మేం తునికాకు కోసుడు బందు వెట్టినం సారూ. అవుతలి ఊర్లోళ్లొచ్చి కోసుకపోయిండ్రు. మాకు గా రేటే దిక్కయింది. గా పని మేం జెయ్యం."

సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. యూసుఫ్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ, దీని ముందు కామెరూన్ ఏపాటి అన్నాడు. జీవితంలో ఎన్నో గోల్స్ చూశాను, కొట్టని గోలుకు అలా పొంగిపోయింది అదొక్కసారే.

కప్పు బల్ల మీద ఉంది, తీసుకునేవాళ్లు లేరు. పెద్ద ఆఫీసరు కాసేపు ఆ కప్పును, కాసేపు జనాన్ని చూసి, చివరికి తనే లేచి మైదానంలోకి నడిచాడు. రెండు జట్లతోనూ మాట్లాడాడు. మాకు వినపడలేదు. మళ్లీ షామియానా దగ్గరికి వస్తుంటే బాయి జట్టు కెప్టెన్, మైకులో చెప్పండి సార్ అన్నాడు. ఆఫీసరు మైకు అందుకుని, ఆటలో తగిలిన దెబ్బను డ్యూటీలో తగిలిన దెబ్బగానే రాయిస్తామని, ప్రకాశం పేరు తీసేయరని, తెల్లవారి కంపెనీ దవాఖానా బండి ఇక్కడికి వస్తుందని చెప్పాడు. గ్రౌండు దద్దరిల్లింది. సువార్తమ్మ మాత్రం, "బండొస్తె నమ్ముత," అంది.

ఆ తర్వాత జరిగిన ఆటను వర్ణించే శక్తి నాకు లేదు. వాన పట్టుకుంది. బంతి ఒకచోట ఆగదు, మనిషి ఒకచోట నిలబడడు. గోల్‌కీపరుగా ఎప్పుడూ నిలబడని ఒక డిఫెండరును బాయివాళ్లు గోల్లో నిలబెట్టారు. జోగయ్య కొట్టిన బంతి రెండుసార్లు టేకు దుంగకు తగిలి తిరిగొచ్చింది. తగిలినప్పుడల్లా సువార్తమ్మ మంచం మీంచి లేచి అయ్యో అని అరుస్తోంది. ఆట కావద్దని వచ్చిన మనిషి! ప్రకాశం ఆమె కొంగు లాగి, నీ మొగనిది ఏ టీమే అని అడిగాడు. ఇయ్యాల్టికి నాది గా పోరల టీమే అందామె.

ఆఖర్లో బాయి జట్టు ఒక గోలు కొట్టింది. అంతే. కప్పు బాయికి పోయింది. ఊరికే వచ్చే కప్పును వద్దన్న జట్టు ఆడి ఓడిపోయింది. నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఎవరి మీదో తెలియక రిఫరీని నాలుగు తిట్టాను. పక్కన ముంజలమ్మే ముసలమ్మ నన్ను మందలించింది.

సోమవారం పొద్దున

రాత్రి దవాఖానా వరండాలోనే పడుకున్నాం. తిరుగు బస్సు పొద్దున్నే ఉన్నా మేము ఎక్కలేదు. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు గానీ, ఎదురుచూస్తున్నది ఆ బండి కోసమే. సువార్తమ్మ ప్రకాశం బట్టలు మూటగట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ కట్టింది. ఎండెక్కింది. దవాఖానా సిస్టరు మాకు అంబలి పోసింది. వెల్లుల్లి కారం నంజుకుని తాగాం. వాగులో నీళ్లెక్కువయ్యాయేమోనని యూసుఫ్ భాయ్ సర్దిచెప్పబోతే, మైకుల మాటలకు వాగులడ్డమా అంది సువార్తమ్మ. నేను గేటు దాకా వెళ్లి రావడం, మళ్లీ వెళ్లడం. ప్రపంచ కప్పు ఫైనల్ రోజున కూడా నేను అలా తిరగలేదు.

దారి మలుపులో ముందు హారను వినపడింది. తర్వాత తెల్ల బండి కనిపించింది. బురద పట్టి సగం ఎర్రగా ఉంది. దాని వెనక నలుగురు కుర్రాళ్లు, నడుము దాకా తడిసి. జోగయ్య, అతని జట్టువాళ్లు. బండి వాగులో దిగబడితే పొలాల్లోంచి వచ్చి బయటికి నెట్టారట. సువార్తమ్మ బండిని చూసి మూట మీదే కూలబడి ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ప్రకాశాన్ని మంచంతో సహా ఎత్తి బండిలోకి చేర్చింది ఆ నలుగురే. ప్రకాశం జోగయ్య చెయ్యి వదల్లేదు.

"ఖాళీ గోలుండె గదరా తమ్మీ. కొడితె కప్పు మీదేనాయె."

జోగయ్య తల గోక్కున్నాడు. కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"కాలు నయం జేస్కోని రా అన్నా. నువ్వు నిలవడ్డంక గొడత."